ఫ్లైఓవర్ ఎక్కాలంటే గుండె దడ. మీలో ఎవరికైనా ఉందా?

కిందిరోడ్డు
వయసు 37. ఉండేది హైదరాబాదులో, మెహదీపట్నం దగ్గర. ఇన్నాళ్ళూ బైకే కాబట్టి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే (మా దగ్గర్నుంచి ఎయిర్‌పోర్టు వైపు పోయే పొడుగాటి ఫ్లైఓవర్) ఎక్కే పని పడలేదు, దాని మీదికి టూ వీలర్లను రానివ్వరు కదా. కిందటేడు కారు కొన్నాను. ఏడు నెలల కిందట మా మావగారిని శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కించి ఒక్కణ్ణే తిరిగొస్తున్నా. ఆరాంఘర్ దగ్గర పైకెక్కి రెండు కిలోమీటర్లు వచ్చానో లేదో వేళ్ళు తిమ్మిరెక్కాయి. గుండె టపటపా కొట్టుకోవడం మొదలైంది. ఒళ్ళంతా చెమట. ఇక్కడే పోతాను, కిందంతా జనమే గానీ పైన నన్ను పట్టించుకునే నాథుడు లేడు అనిపించింది. ఎలా దిగానో తెలీదు, దిగి నేరుగా ఆస్పత్రికి పోయాను. ఈసీజీ నార్మల్. గ్యాస్ అన్నారు, మాత్ర రాశారు.

తర్వాత మరో రెండుసార్లు అదే కథ. మూడోసారి డ్యూటీ డాక్టరు "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని మా ఆవిడ వైపు చూశాడు. ఆ మాటకి ఆవిడ నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పట్నుంచీ కింద రోడ్డే. అత్తాపూర్, ఉప్పర్‌పల్లి సిగ్నళ్ళన్నీ మొక్కుకుంటూ, పిల్లర్ల నంబర్లు చదువుకుంటూ పోతాను. పైన పది పన్నెండు నిమిషాల్లో అయ్యేది కింద ఒక్కోసారి ముప్పావుగంట. జేబులో సార్బిట్రేట్ మాత్రలు, పక్కన నీళ్ళ సీసా, కిటికీ తెరిచి పెట్టడం, ఇవన్నీ ఉంటేనే బండి తీస్తాను. వచ్చే నెల 18న అమెరికా నుంచి అక్కా బావా వస్తున్నారు, తీసుకురావాల్సింది నేనే. కింద నుంచి తీసుకొస్తే బావ ఊరుకోడు, "ఏంట్రా ఇది" అంటాడు.

బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. మీరూ నవ్వండి, ఇక్కడ నా ముఖం తెలీదుగా.

క్యాబన్న
రోజుకు రెండు మూడు ట్రిప్పులు ఎయిర్‌పోర్టుకే కొడతా. వెనక సీట్లో కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కగానే కళ్ళు మూసుకునేవాళ్ళను ఎంతమందిని చూశానో. ఒక పెద్ద సారు, టై కట్టుకున్నాడు, "బాబూ కింద నుంచి పోనీ, ఎక్కువైతే నేనిస్తా" అన్నాడు. కారణం అడగలేదు, ఆయన చెప్పలేదు. నువ్వు ఒక్కడివే కాదు అన్నా.

లాజిక్_రాజా
11.6 కిలోమీటర్ల సిమెంటు రోడ్డు. 2009 నుంచి లక్షల బండ్లు తిరుగుతున్నాయి, మీ కారు ఎక్కితే కూలిపోతుందా? మనసులో గట్టిగా అనుకోండి, అంతే. మధ్యలో దిగడానికి ర్యాంపులు కూడా ఉన్నాయి.

కిందిరోడ్డు
@లాజిక్_రాజా కూలుతుందని కాదండీ. అది కూలదని నాకూ తెలుసు. కూలేది నేనే.

ఉప్పల్_పిల్ల
రాజాగారి సలహా మా ఇంట్లో నాకు రెండేళ్ళు ఇచ్చారు. "గట్టిగా అనుకో". అనుకున్నాను. అనుకునే కొద్దీ ఎక్కువయింది.

నాది మెట్రో. ఆఫీసు అమీర్‌పేట. ఒకరోజు తార్నాక, మెట్టుగూడ మధ్య రైలు కాసేపు ఆగింది. రెండు నిమిషాలే. తలుపులు మూసి ఉన్నాయి, నా ముందు ఒకాయన వీపు, గాలి లేదు అనిపించింది. ఏసీ ఆడుతూనే ఉంది! ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆటో, బస్సు. జీతంలో పదో వంతు ఆటోలకే. మీ ముప్పావుగంట కథ చదువుతుంటే నా బ్యాంకు పాస్‌బుక్ గుర్తొచ్చింది.

నైట్‌డ్యూటీ
క్యాజువాలిటీలో నర్సుగా 14 ఏళ్ళు. రాత్రి పదకొండు దాటాక గుండె పట్టుకుని వచ్చేవాళ్ళలో కొంతమంది మీలాంటివాళ్ళే. ముందు ఒక మాట స్పష్టంగా చెప్తాను. మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే అది భయమా, గుండెపోటా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు, మెట్లెక్కితే నొప్పి వచ్చేవాళ్ళు, ఎడమ చేతికో దవడకో లాగుతున్నవాళ్ళు తప్పకుండా రావాలి. మీరు మొదటిసారి వెళ్ళడం సరైన పనే.

కానీ మూడుసార్లు నార్మల్ అని తేలాక మీకు చెప్పాల్సింది "గ్యాస్" అని కాదు. దీన్ని పానిక్ అటాక్ అంటారు. ఒంట్లో ప్రమాద ఘంట ఉంటుంది, పులి వస్తే పరిగెత్తడానికి. మీకు అది పులి లేకుండానే మోగింది. ఆయాసంగా గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కేదీ, తల తేలిపోయినట్టు ఉండేదీ అందుకే. తిమ్మిరి చూసి ఇంకా భయపడతాం, ఊపిరి ఇంకా ఎక్కువ తీస్తాం. ఇదో గానుగ.

ఆ సార్బిట్రేట్ జేబులోంచి తీసేయండి. ఎవరు రాశారు?

కిందిరోడ్డు
ఎవరూ రాయలేదు. మా బాబాయికి స్టెంటు వేసినప్పుడు ఆయన జేబులో చూశాను.

నైట్‌డ్యూటీ
అనుకున్నా. అది రక్తనాళాలను వెడల్పు చేసే మందు. గుండె జబ్బు లేని మనిషి నాలుక కింద పెట్టుకుంటే బీపీ పడిపోయి నిజంగానే కళ్ళు తిరుగుతాయి. డ్రైవింగ్ సీట్లో కూర్చుని ఆ పని చేస్తారా? మీ బాబాయి మాత్ర మీ బాబాయికే.

ఆవకాయమ్మ
మా విశాఖలో చిన్నప్పుడు ఎవరైనా జడుసుకుంటే నాయనమ్మ దిష్టి తీసి, దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించేది. ఉరుము ఉరిమితే "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అంటూ పది పేర్లూ చదివించేది. నాకిప్పుడు 61. ఉరిమితే ఇప్పటికీ నోటికి అదే వస్తుంది. కిందిరోడ్డు బాబూ, హనుమాన్ చాలీసా పెట్టుకుని ఎక్కు. నాకు లిఫ్టులో అదే దిక్కు.

లాజిక్_రాజా
ఇంకేం, కారుకి నిమ్మకాయలు కూడా కట్టమనండి.

ఆవకాయమ్మ
కట్టే ఉంటాయి, అడిగి చూడు.

కిందిరోడ్డు
ఉన్నాయి.

నైట్‌డ్యూటీ
రాజాగారూ, వెక్కిరించకండి. పద్యం, శ్లోకం గట్టిగా చదివినప్పుడు ఊపిరి వదలడం దానంతటదే పొడుగవుతుంది. ఉద్వేగం తగ్గడానికి మేం చెప్పేదీ అదే, పీల్చేదాని కంటే వదిలేది పొడుగ్గా ఉండాలని. "గట్టిగా ఊపిరి పీల్చు, ఇంకా పీల్చు" అని పక్కవాళ్ళు అరుస్తారు చూడండి, అది తప్పు, తిమ్మిరి పెరుగుతుంది. ప్లాస్టిక్ కవరు ముక్కుకి పెట్టడం ఇంకా ప్రమాదం.

ఆవకాయమ్మగారితో నాది ఒకటే పేచీ. చాలీసా ఉంటేనే లిఫ్టు ఎక్కుతాను అనేదాకా వస్తే అది కూడా నీళ్ళ సీసా లాంటిదే అయిపోతుంది.

ఆవకాయమ్మ
ఆంజనేయుణ్ణి బిస్లరీ సీసాతో పోల్చావు తల్లీ. సరే, ఈ ఒక్కసారికి.

రెండోజడ
ఒక్క నిమిషం. అందరూ మనసు, భయం అంటున్నారు గానీ నా కేసు వినండి. ఏడాది పాటు దడ, చేతులు వణుకు, నిద్ర లేదు, ఏడుపు. ఒక ఆస్పత్రిలో "టెన్షన్ తగ్గించుకోమ్మా, పెళ్ళయితే సర్దుకుంటుంది" అన్నారు. అన్నం బాగా తింటున్నా ఆరు కిలోలు తగ్గాను. చివరికి మా వదిన పట్టుబట్టి థైరాయిడ్ పరీక్ష చేయిస్తే హైపర్, అంటే థైరాయిడ్ మోతాదు మించి పనిచేస్తోందన్నమాట. మందు మొదలుపెట్టిన రెండు నెలలకి చేతులు నిలబడ్డాయి. పెళ్ళి ఇంకా కాలేదు, అయినా సర్దుకుంది.

ముందు రక్తపరీక్ష చేయించుకోండి అన్నా. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగరు.

నైట్‌డ్యూటీ
నూటికి నూరు పాళ్ళు. నేనే ముందు చెప్పాల్సింది. కాఫీ ఎన్ని తాగుతారో కూడా చెప్పండి.

కిందిరోడ్డు
ఐదు. ఆరు అనుకోండి.

క్యాబన్న
ఆరు కాఫీలు తాగితే కారే కాదు, నువ్వే ఎగురుతావు.

డాలస్_కాపురం
ఇక్కడ హై ఫైవ్ అని అయిదు అంతస్తుల ఇంటర్‌ఛేంజ్ ఉంది. అన్నిటికంటే పైనున్న ర్యాంపు ఎక్కినప్పుడు కింద ఊరంతా కనబడుతుంది. మొదటి ఏడాది చెమటలు పట్టేవి, ఇప్పుడు అలవాటైంది.

నా అసలు భయం వేరే. రాత్రి పడుకున్నాక ఇండియా నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తేలోపు సగం చచ్చిపోతాను. మూడేళ్ళ కిందట నాన్న పోయిన కబురు తెల్లారుజామున రెండున్నరకి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం. అప్పట్నుంచీ అమ్మ "బెండకాయ వేపుడులో కొబ్బరి వేస్తావా" అని అడగడానికి చేసినా నా కాళ్ళు చల్లబడతాయి. సైలెంట్‌లో పెడితే ఇంకా భయం, ఏదో మిస్సవుతానని.

ఉప్పల్_పిల్ల
మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది, వాళ్ళబ్బాయి ఆస్ట్రేలియాలో. ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట "అందరం బాగున్నాం". హలో కూడా తర్వాతే. అమ్మకి చెప్పి చూడండి.

డాలస్_కాపురం
ఇది నాకు నచ్చింది. అమ్మ మాత్రం "బాగోకపోతే ఏం చెప్పాలి మరి?" అని అడుగుతుంది. ఆమె అలాంటిదే.

తెనాలి_మాష్టారు
ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆవకాయమ్మగారు అర్జునుడి పది పేర్లు తలచారు కాబట్టి, అవి ఎక్కడివో కూడా చెప్పుకుందాం. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే రథం దూకి పారిపోతాడు. అంతఃపురంలో కోసిన కోతలన్నీ అక్కడే రాలిపోయాయి. లోకం అతణ్ణి నేటికీ వెక్కిరిస్తోంది, ఉత్తరకుమార ప్రగల్భాలని. కానీ ఆ తర్వాత జరిగింది ఎవరూ చూడరు. బృహన్నల వెంటపడి పట్టుకుని ఇంటికి పంపలేదు, "గట్టిగా అనుకో" అనీ అనలేదు. మళ్ళీ రథం ఎక్కించి పగ్గాలు అతని చేతికే ఇచ్చాడు. "నువ్వు తోలు, యుద్ధం నేను చేస్తాను" అన్నాడు. ఆ పది పేర్లు అప్పుడు నమ్మకం కోసం చెప్పినవే. వణుకుతున్నవాడే సారథి అయ్యాడు. కిందిరోడ్డుగారూ, మీ దగ్గర ఉన్నదీ స్టీరింగే కదా.

క్యాబన్న
మాష్టారూ, మా డ్రైవర్ల యూనియన్ మీటింగులో ఇది చెప్పాలి మీరు.

లాజిక్_రాజా
కథ బాగుంది. కానీ వణుకుతూ ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి నడిపితే వెనకవాడి సంగతేంటి? ఇది మాత్రం సీరియస్‌గానే అడుగుతున్నా.

నైట్‌డ్యూటీ
మంచి ప్రశ్న, ఇన్నిట్లో మొదటిది :) ఒంటరిగా, రద్దీలో మొదలుపెట్టకూడదు. పక్కన నడపగలిగిన మనిషి ఉండాలి, తెల్లవారుజామున, ఎడమ లేన్‌లో నెమ్మదిగా. ఇంకో సంగతి. పానిక్‌లో బీపీ సాధారణంగా పెరుగుతుంది, పడిపోదు. అందుకే "కళ్ళు తిరిగి పడిపోతాను" అనిపిస్తుంది గానీ పడిపోవడం అరుదు.

వేపపుల్ల
నేను పడిపోతా మరి! రక్తం చూస్తే ఠపీమని. మా బాబు పుట్టినప్పుడు ఆపరేషన్ థియేటర్ బయటే పడ్డాను, నర్సులు బాబుని వదిలేసి నన్ను ఎత్తారు. మా ఆవిడ ఆ సంగతి పెళ్ళిళ్ళలో చెప్తుంది.

నైట్‌డ్యూటీ
మీది జాతి వేరు. రక్తం, సూది భయంలో ముందు గుండె వేగం పెరిగి, ఆ వెంటనే బీపీ ఢమాల్‌న పడుతుంది. అందుకే మీలాంటివాళ్ళకు "రిలాక్స్ అవ్వండి" అనడం పనికిరాదు. తిరగబడాలి. పిడికిళ్ళు, తొడలు, పొట్ట కండరాలు 10-15 సెకన్లు గట్టిగా బిగించండి, ముఖం వేడెక్కేదాకా. వదిలి అర నిమిషం ఆగి మళ్ళీ. ఐదుసార్లు. రక్తం ఇచ్చే ముందు ఇది చేయండి, లేదా పడుకునే తీయించుకోండి.

వేపపుల్ల
ఇది ముప్పై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. అందరూ నీళ్ళు చల్లడమే.

ఉప్పల్_పిల్ల
నేను మెట్రో మళ్ళీ ఎలా ఎక్కానో రాస్తానన్నాను కదా. (అనలేదు, అయినా రాస్తా.)

మొదట ఎవరి దగ్గరికి పోవాలో తెలీలేదు. ఒక రాత్రి 14416 కి చేశాను. టెలి మానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడారు. ఎత్తినావిడ ఇరవై నిమిషాలు విని, సైకాలజిస్టును కలవమని చెప్పింది. కలిస్తే ఆవిడ మెట్లు రాయించింది. ఉప్పల్ స్టేషన్‌కి వెళ్ళి టికెట్ తీసుకోకుండా ప్రవేశం దగ్గర కూర్చోవడం ఒక మెట్టు. నవ్వకండి, దానికే నాలుగు రోజులు పట్టింది. తర్వాత స్టేడియం దాకా ఒక్క స్టేషన్. తర్వాత ఎన్‌జీఆర్‌ఐ. హబ్సిగూడ. తార్నాక దగ్గర నేను మూడు వారాలు ఇరుక్కున్నాను, ఎందుకో మీకు తెలుసు.

అసలు కష్టం ఎక్కడంటే, దడ ఎక్కువైనప్పుడు దిగిపోవాలనిపిస్తుంది. దిగగానే ఎంత హాయిగా ఉంటుందంటే! ఆ హాయే దెబ్బ. "దిగాను కాబట్టి బతికాను" అని ఒళ్ళు రాసిపెట్టుకుంటుందట. దడ ఉండగానే కూర్చుంటే, అదే పది నిమిషాలకు శిఖరం ఎక్కి తర్వాత వాలుతుంది. వాలడం ఒక్కసారి కళ్ళారా చూడాలి. నేను మెట్టుగూడలో చూశాను. సికింద్రాబాద్ ఈస్ట్ వచ్చేసరికి ఆవలింత వచ్చింది. నిజంగా ఆవలింత!

మూడోఫ్లోర్
పైన పోస్టుకి దండం. నాకు మాత్రం మెట్లతోనే కాలేదు, మాత్రలు కూడా వాడాను. నాది ఒక్క చోట వచ్చే భయం కాదు. పొద్దున లేస్తే గ్యాస్ కట్టానా, పిల్ల స్కూలు బస్సు చేరిందా, ఉద్యోగం ఉంటుందా, అన్నీ వరసకట్టి వచ్చేవి. సైకియాట్రిస్ట్ ఎస్సిటలోప్రామ్ రాశారు. మొదటి వారం దడ ఇంకా పెరిగింది, మానేద్దామనుకున్నా. ఆయన ముందే చెప్పారు కాబట్టి ఆగాను. నాలుగో వారంలో ఒకరోజు ఆఫీసుకి చేరాక గుర్తొచ్చింది, గ్యాస్ గురించి అనుకోలేదని.

లాజిక్_రాజా
ఆ మాత్రలు అలవాటైపోతాయి. జీవితాంతం మింగాలి. మా ఆఫీసులో ఒకాయన పదేళ్ళుగా వాడుతున్నాడు.

మూడోఫ్లోర్
నేను పద్నాలుగు నెలలకు డాక్టరు చెప్పినట్టు మెల్లిమెల్లిగా తగ్గించి ఆపేశాను. మీ ఆఫీసాయన ఏ మాత్ర వాడుతున్నాడు?

లాజిక్_రాజా
కనుక్కున్నా. ఆల్‌ప్రాజోలమ్.

నైట్‌డ్యూటీ
అదీ సంగతి. రెండూ ఒకటి కాదు. ఆల్‌ప్రాజోలమ్ అరగంటలో చల్లబరుస్తుంది, అందుకే అలవాటవుతుంది. డోసు పెంచుకుంటూ పోతారు, హఠాత్తుగా మానేస్తే ప్రమాదం. చీటీ లేకుండా అమ్మకూడని మందు అది, అమ్మితే రిజిస్టర్లో రాయాలి. మన మందుల షాపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎస్సిటలోప్రామ్ లాంటివి మత్తు మందులు కావు, పని చేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అయితే వాటినీ సొంతంగా మొదలుపెట్టకూడదు, సొంతంగా ఆపకూడదు. ఆ ఆఫీసాయన్ని డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి, ఒక్కసారిగా మానేయమని మాత్రం చెప్పకండి.

లాజిక్_రాజా
సరే. చెప్తాను. (ఆయన మా ఆఫీసాయన కాదు. మా అన్నయ్య.)

ఆవకాయమ్మ
చెప్పు నాయనా. మెల్లిగా చెప్పు.

బ్యాక్‌లాగ్_బాబు
మీ అందరివీ పెద్ద పెద్ద భయాలు. నాకు ఫోన్‌లో మాట్లాడాలంటే భయం. మెసేజ్ అయితే ఎంతైనా రాస్తా. కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేసి ప్రొవిజనల్ సర్టిఫికెట్ వచ్చిందా అని అడగాలి. రెండు నెలలైంది. నంబరు నొక్కుతా, రింగ్ కాకముందే కట్ చేస్తా.

వేపపుల్ల
తమ్ముడూ నేరుగా వెళ్ళిపోవచ్చుగా?

బ్యాక్‌లాగ్_బాబు
కాలేజీ కావలిలో. నేను బెంగళూరులో. ఒకసారి వెళ్ళా కూడా. ఆదివారం అని చూసుకోలేదు.

మోడరేటర్
తాయెత్తులు vs మాత్రలు అని ఇంకో పది పోస్టులు వచ్చాయి, తీసేశాను. ఎవరూ ఇక్కడ డోసులు రాయకండి. బ్యాక్‌లాగ్_బాబు, నీ సమస్య ఇక్కడే కొనసాగించు, కొత్త చర్చ అక్కర్లేదు.

కిందిరోడ్డు
పది రోజులైంది, వచ్చి చెప్పాలిగా. థైరాయిడ్ నార్మల్. కాఫీ రెండుకి తగ్గించాను, మూడు రోజులు తలనొప్పితో చచ్చాను. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాం. క్లినిక్ ముందు కారు ఆపకుండా సందు చివర ఆపాను, బోర్డు పక్కన నా కారు ఎవరైనా చూస్తారని. లోపలికెళ్తే మా ఆఫీసు అకౌంట్స్ ఆయన కూర్చుని ఉన్నాడు. ఇద్దరం ఒకే పాత పేపరు చదివాం.

ఇప్పటికి మాత్రలు వద్దు, ఉప్పల్_పిల్లగారు చెప్పిన పద్ధతే చేద్దాం అన్నారు. ఆదివారం పొద్దున ఐదూ ముప్పావుకి, మా ఆవిడ పక్కన, మెహదీపట్నం వైపు నుంచి ఎక్కాను. గుండె మొదలెట్టింది. మొదటి ర్యాంపు కనబడగానే దిగేశాను. ఆవిడ ఏమీ అనలేదు. కింద టీ తాగాం. సిగ్గుగా ఉంది.

ఆవకాయమ్మ
ఎర్రగడ్డ అనో, మా చినవాల్తేరు అనో పిచ్చాసుపత్రి పేరు పెట్టి వెక్కిరిస్తారని నేనైతే నలభై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నువ్వు వెళ్ళావు. సిగ్గెందుకు?

ఉప్పల్_పిల్ల
ర్యాంపు దిగడం నా తార్నాక. ఈసారి ర్యాంపు దాటాక ఏమవుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. "చచ్చిపోతాను: 80 శాతం" అని. దాటాక చూసుకోండి.

తెనాలి_మాష్టారు
గమనించారా, మీ ఫ్లైఓవర్‌కి పట్టేదీ పది నిమిషాలే, అమ్మాయి చెప్పిన దడ శిఖరానికి పట్టేదీ పది నిమిషాలే. దిగేసరికి అదీ దిగే వేళే.

కిందిరోడ్డు
మాష్టారూ, ఇది నేను అసలు ఆలోచించలేదు.

కిందిరోడ్డు
రెండో ఆదివారం. రాసిన కాగితం మా ఆవిడ చేతిలో. ర్యాంపు దగ్గర చెయ్యి దానంతటదే ఇండికేటర్ మీదికి పోయింది. వెయ్యలేదు. తర్వాతి రెండు మూడు కిలోమీటర్లు నరకం, అబద్ధం చెప్పను. నోరు ఎండిపోయింది, సీసా ఇంట్లోనే వదిలి వచ్చాం. పైకి గట్టిగా ఏదో ఒకటి చదువుదామని పదిహేడో ఎక్కం చదివాను. 17 ఎనిముళ్ళు దగ్గర తప్పు పోయింది, ఆవిడ సరిచేసింది. ఆరాంఘర్‌లో దిగాం. వెంటనే తిప్పుకుని మళ్ళీ ఎక్కాం. మళ్ళీ. ఆ పొద్దున నాలుగుసార్లు. నాలుగోసారి దడ ఉంది గానీ విసుగు కూడా వచ్చింది. కాగితం మీద 80 కొట్టేసి ఆవిడ 35 అని రాసింది, నేనైతే 40 వేసేవాణ్ణి.

క్యాబన్న
నాలుగుసార్లు ఎయిర్‌పోర్టు రోడ్డు, ఒక్క ప్యాసింజర్ లేడు. పెట్రోలు ఖర్చు తలచుకుంటే నాకు దడ వస్తోంది.

లాజిక్_రాజా
అన్నయ్యతో మాట్లాడా. మొదట కోప్పడ్డాడు. బుధవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అంతే చెప్దామని.

నైట్‌డ్యూటీ
చాలు, అదే చాలా పెద్ద పని.

డాలస్_కాపురం
అమ్మ ఇప్పుడు ఫోన్ ఎత్తగానే "అందరం బాగున్నాం, మీ పిన్నికి మోకాలు నొప్పి, అయినా బాగున్నాం" అంటోంది. కాళ్ళు ఇంకా చల్లబడుతున్నాయి, కానీ కొంచెమే, మోకాలి దాకా.

కిందిరోడ్డు
18 అయిపోయింది. ఫ్లైట్ రాత్రి తొమ్మిదిన్నరకి. ఆరు సూట్‌కేసులు, ముందు సీట్లో బావ, ఆయన కోకాపేట రేట్ల గురించి ఆపకుండా మాట్లాడుతున్నాడు. ఆరాంఘర్ దగ్గర పైకే ఎక్కాను. ఉప్పర్‌పల్లి దాకా బాగానే ఉంది. అక్కడ వచ్చింది. పాత దోస్తు లాగా, చెప్పా పెట్టకుండా. కొంచెం ఆగి "బావా, నాకు ఇక్కడ గుండె దడ వస్తుంటుంది, రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉంటావా" అన్నాను. ఇన్ని నెలల్లో ఇంట్లోవాళ్ళకి కాకుండా ఇంకొకరికి చెప్పింది అదే మొదటిసారి. బావ మాట ఆపేసి "ఆపాలా?" అన్నాడు. "వద్దు" అన్నాను. మెహదీపట్నంలో దిగేదాకా ఎవరూ మాట్లాడలేదు. వెనక అక్క నిద్రపోయింది.

రెండు రోజుల తర్వాత మేడ మీద బట్టలు ఆరేస్తుంటే బావ వచ్చి, తను ఎంఆర్ఐ మిషన్‌లోంచి రెండుసార్లు లేచి వచ్చేశానని, మూడోది బుక్ చేయలేదని చెప్పాడు. నడుం నొప్పి ఉందని ఎప్పట్నుంచో అంటున్నాడు, మాకు ఈ సంగతి తెలీదు. ఉప్పల్_పిల్లగారి పోస్టు చూపించాను. "ఈ మెట్టుగూడ ఎక్కడ?" అని అడిగాడు.

ఉప్పల్_పిల్ల
మీ బావగారికి చెప్పండి, తార్నాక తర్వాతది అని.

వేపపుల్ల
అన్నట్టు నిన్న రక్తపరీక్ష. తొడలు బిగించి కూర్చున్నా. పడలేదు! ల్యాబ్ అబ్బాయి "సార్ ఎవరినైనా కొట్టబోతున్నారా" అన్నాడు.

క్యాబన్న
కిందిరోడ్డు అన్నా, పేరు మార్చుకో ఇంక.

కిందిరోడ్డు
వద్దులే. నిన్న ఒంట్లో బాగోక కింద నుంచే వెళ్ళాను.

బ్యాక్‌లాగ్_బాబు
కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేశాను. కట్ చేయలేదు. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నా, "నమస్కారం సార్" దగ్గర్నుంచి. ఎత్తినాయన "లంచ్, మూడింటికి చెయ్యి" అని పెట్టేశాడు.

ఆవకాయమ్మ
మూడూ పది అయింది బాబూ.